ఉత్తుత్తి సోదా

పోయిన వారం మనం మైకును రిసెప్షన్ బల్ల వెనక నిలబెట్టి వచ్చాం. ఆవిడ గొంతు పక్క కుర్చీలో ఉన్నవాళ్లకి కూడా వినపడదు కాబట్టి ఆ లిఫ్టుల కంపెనీలో అందరూ కలిసి పెట్టిన పేరది. ఆ కంపెనీ చూసుకునే ఒక అపార్ట్‌మెంటులో తాడు తెగి లిఫ్టు కిందపడి, ట్యూషన్లు చెప్పుకునే ఒక టీచరమ్మ ప్రాణం పోయింది. ఆ లిఫ్టు బాగోగులు చూడాల్సిన మెకానిక్కు ఎవరో కాదు, మైకు సొంత తమ్ముడు. పోలీసులు ఇవాళో రేపో ఆఫీసు మీదికి సోదాకొస్తారని చెవిన పడగానే కంపెనీ పెద్దాయన ఒక లాయరమ్మను పిలిపించాడు. వాళ్లొచ్చినప్పుడు ఎవరెలా నడుచుకోవాలో ఆవిడ అందరినీ కూర్చోబెట్టి నేర్పింది. నేర్పి ఊరుకోకుండా, రేపు పరీక్ష కూడా పెడతానంది. మర్నాడు పొద్దున అద్దం తలుపు తోసుకుని నలుగురైదుగురు బిలబిలమంటూ లోపలికొచ్చారు.

వచ్చినవాళ్లు నిజం పోలీసులు కారు. లాయరమ్మ దగ్గర పనిచేసే జూనియర్లు. నిన్నటి పాఠం జరుగుతున్నంతసేపూ వీళ్లే వెనక వరసలో కూర్చుని బిస్కెట్లు తిన్నారు. ఆ సంగతి మైకుకి తెలుసు. వాళ్లలో ఒకడి చొక్కా మీద ఇంకా టీ మరక ఉంది, అదీ చూసింది. అయినా అందులో పొడుగాటివాడు బల్ల మీద అరచెయ్యి మోపి, "పోలీసులం. ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి" అనేసరికి నిజం పోలీసుల్నే చూసినట్టు బెదిరిపోయింది.

నేర్పినదంతా రాత్రి కూర్చుని బట్టీ పట్టింది పాపం. లేచి నిలబడాలి. మర్యాదగా కూర్చోమనాలి. సోదాకి ఉత్తర్వు ఉందా అని అడిగి, చూసి, కాపీ తీసుకోవాలి. వెంటనే లాయరమ్మకి ఫోన్ చెయ్యాలి. వాళ్లకి అడ్డం నిలబడకూడదు, తలుపులు వెయ్యకూడదు, సెల్‌ఫోన్లోంచి ఒక్క మెసేజి కూడా చెరపకూడదు. చెరిపారో, అసలు తప్పు ఏదైనా సరే, ఆ చెరపడమే ఇంకో నేరమవుతుందని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. ఒక్కొక్క పోలీసు వెంట ఆఫీసు మనిషి ఒకరు నీడలా తిరిగి, వాళ్లు ఏం చూశారో ఏం పట్టుకెళ్లారో గమనించాలి. ఇన్నీ గుర్తున్నాయి. నోరే పిడచగట్టుకుపోయింది.

"తమరి దగ్గర... ఉత్తర్వు..." అంది.

పొడుగాటివాడు వంగి చెవి ఆమె మొహం దగ్గర పెట్టాడు. పెట్టి, వినపడక, వేషం మర్చిపోయి, "ఏంటండీ?" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

ఆఫీసంతా ఒక్క ఊపులో కకావికలైంది. నవ్వులాటగా మొదలైందల్లా, జూనియర్లు నిజంగానే సొరుగులు లాగి, కంప్యూటర్ల ముందున్నవాళ్లని లేపి, గోడవారగా నిలబెట్టేసరికి ఎవరి మొహంలోనూ నెత్తుటి చుక్క లేకుండా పోయింది. అమ్మకాలు చూసే అతను అలవాటు కొద్దీ "టీ తాగుతారా సార్?" అని ఒకణ్ణి అడిగి చీవాట్లు తిన్నాడు. అకౌంటెంటుగారు కనపడకుండా పోయాడు. వెతగ్గా వెతగ్గా బాత్రూంలో గడియ పెట్టుకుని ఉన్నాడని తేలింది. కడుపులో బాగాలేదని లోపలినుంచే చెప్పాడు. ఉత్తుత్తివాళ్లకే ఇలాగైతే అసలువాళ్లు వచ్చిన రోజు అంబులెన్సు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి కాబోలని లాయరమ్మ అంది కానీ, ఆవిడా నవ్వలేదు.

తర్వాత ప్రశ్నల ఘట్టం. ఒక్కొక్కరినీ మీటింగు గదిలోకి పిలుస్తారు. ముందుగా మైకును పిలిచారు.

కిటికీలు లేని గది అది. పొడవాటి బల్ల, చల్లగా కొట్టే ఏసీ, తెల్ల బోర్డు మీద ఎవరో సగం తుడిచి వదిలేసిన లిఫ్టు బొమ్మ. బల్లకి అవతల లాయరమ్మ కూర్చుంది. పక్కన రాసుకోవడానికి ఒక జూనియరు అమ్మాయి. మూలన గోడకి కుర్చీ చేర్చుకుని సర్వీసు మేనేజరు. ఏ లిఫ్టు చెడినా ఏ మెకానిక్కుని ఎక్కడికి పంపాలో చెప్పేది ఆయనే. ఊరికే చూడ్డానికి కూర్చున్నానన్నాడు. ఫోన్లో ఏదో తోస్తూ తల కూడా ఎత్తలేదు.

లాయరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. అంతే, మనిషే మారిపోయింది. నిన్న మంచినీళ్లందించిన మనిషి కాదిది.

"పేరు అక్కర్లేదు. ఇక్కడ మీ పనేంటి?"

ఫోన్లు తీస్తానని, వచ్చినవాళ్లని కూర్చోబెడతానని మైకు చెప్పింది. గట్టిగా చెప్పమంది. చెప్పింది. ఎన్నాళ్లుగా ఉన్నారు, ఎవరి కింద పనిచేస్తారు, మెకానిక్కు మీకేమవుతాడు, ఇలా వరసగా అడుగుతూ పోయింది. తమ్ముడని చెప్పేటప్పుడు మైకు గొంతు మళ్లీ అడుగంటింది. తెలిసింది తెలుసనాలి, తెలియనిది తెలియదనాలి, మధ్యలో సొంతంగా అల్లకూడదు. లాయరమ్మ నేర్పిన ఆ ఒక్క సూత్రాన్నే పట్టుకుని ఒడ్డు చేరదామనుకుంది.

"లిఫ్టు పడిన రోజు పొద్దున ఆ అపార్ట్‌మెంటు నుంచి ఫోనేమైనా వచ్చిందా?"

లాయరమ్మ ఆ ప్రశ్న ఏదో నోటికొచ్చినట్టు వేసింది. పోలీసులు అడిగే అవకాశముంది కదా అని వేసింది. లేదనో, గుర్తులేదనో జవాబొస్తుందనుకుంది. అప్పటికే తర్వాతి ప్రశ్న కోసం కాగితం తిప్పుతోంది కూడా.

"వచ్చిందండీ" అంది మైకు.

కాగితం తిప్పే చెయ్యి ఆగిపోయింది. మూలన ఫోన్ మీద ఆడుతున్న వేలు కూడా ఆగింది.

"ఎవరు చేశారు?"

"వాచ్‌మన్ చేశాడండీ. మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఒక్కసారిగా జారి ఆగుతోందన్నాడు. తలుపు తెరిస్తే నేల కిందికి ఉంటోందిట. పిల్లలు ఎక్కుతున్నారు, తొందరగా ఎవర్నైనా పంపమన్నాడు."

"మీరేం చేశారు?"

"లోపలికెళ్లి చెప్పానండీ. మనిషి బయల్దేరాడని చెప్పమన్నారు. అదే వాచ్‌మన్‌కి చెప్పాను."

"ఎవరా చెప్పమన్నది?"

మైకు తల తిప్పింది. ఆమె చూపు నేరుగా వెళ్లి మూలన ఉన్న కుర్చీ మీద ఆగింది.

లాయరమ్మ గబుక్కున చెయ్యెత్తింది. పక్కన పెట్టిన కళ్లజోడు అందుకుని మళ్లీ పెట్టుకుంది. జూనియరు అమ్మాయిని రాయడం ఆపి బయటికి వెళ్లమంది. తర్వాత మేనేజరు వైపు చూసి, తమరు కూడా అంది. తను ఈ శాఖకి పెద్దననీ, తన కింద పనిచేసే మనిషిని అడుగుతుంటే తనుంటే తప్పేంటనీ ఆయన నెమ్మదిగానే వాదించాడు. ఆవిడ ఇంకోసారి అదే మాట, అదే గొంతుతో అంది. ఆయన లేచాడు. వెళ్తూ వెళ్తూ మైకు కుర్చీ వెనక ఒక్క క్షణం ఆగాడు. తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లాడు. ఆ చప్పుడు లేకపోవడమే ఆమె వెన్నులోకి పాకింది.

లాయరమ్మ గ్లాసులో నీళ్లు పోసి ముందుకు జరిపింది. ఈ మాట ఇంతకుముందు ఎవరితోనైనా అన్నారా అని అడిగింది. లేదండీ, ఎవరూ అడగలేదు కదా అంది మైకు. నిజమే మరి, ఎవరూ అడగలేదు. లిఫ్టు పడినప్పటినుంచీ అందరూ మెకానిక్కునీ, తాళ్లనీ, మోటారునీ గురించే మాట్లాడుకున్నారు. ఫోన్ ఎత్తే మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదు. తనంతట తను చెప్పడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. మేనేజరుగారే పెద్దాయనకి చెప్పుంటారులే అని మనసుకి నచ్చజెప్పుకుంది. రాత్రుళ్లు మాత్రం ఆ వాచ్‌మన్ గొంతు వినపడేది.

"మీకో విషయం చెప్పాలి. నిన్ననే అందరికీ చెప్పుండాల్సింది, చెప్పలేదు, పొరపాటు నాదే" అంది లాయరమ్మ. "నేను కంపెనీ లాయర్ని. మీ లాయర్ని కాదు."

మైకుకి తేడా అర్థం కాలేదు. "నేనూ కంపెనీయే కదండీ" అంది.

"కాదమ్మా" అంది లాయరమ్మ. పోలీసులొచ్చిన రోజు కంపెనీ వేరు, మీరు వేరు. మీరు ఇక్కడ నాతో చెప్పింది కంపెనీ సొత్తవుతుంది. నేను వెళ్లి పెద్దాయనకి చెప్పి తీరాలి, అది నా పని. ఆ తర్వాత దాన్ని బయటపెట్టాలో గుట్టుగా ఉంచాలో ఆయన ఇష్టం. మీ మంచిచెడ్డలు చూడాలని నేను ఎంతనుకున్నా, నా చేతులు కట్టేసి ఉన్నాయి. అందుకని ఇప్పుడు మీరు ఎవరి వైపు చూశారో ఆ పేరు నోటితో నాకు చెప్పకండి. ఇలా ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పుకొచ్చింది.

"మీకంటూ ఒక లాయర్ని చూసుకోండి."

"నాకు లాయరెందుకండీ? నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. విన్నారు, ఇంకొకరికి చెప్పారు. ఈ ఆఫీసులో అందరికంటే ఎక్కువగా భయపడాల్సింది మిమ్మల్ని చూసే."

తనని చూసి ఇంకొకళ్లు భయపడటమా? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమెను చూసి బల్లి కూడా పక్కకి తప్పుకోలేదు. కానీ భయపడినవాళ్లు ఏం చేస్తారో ఆలోచించేసరికి గ్లాసును తాగకుండానే వెనక్కి జరిపేసింది.

పోలీసులు నిజంగా వచ్చి ఇదే ప్రశ్న అడిగితే ఏం చెప్పమంటారని అడిగింది. అబద్ధం మాత్రం చెప్పొద్దని, ఆ సలహా కంపెనీ లాయరుగానే ఇస్తున్నానని, అందులో రెండో మాట లేదని లాయరమ్మ అంది. అని, తన సంచీ తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మిగతావాళ్ల పరీక్ష ఆ పూట జరగనే లేదు.

మేనేజరు మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాడు. ఆఫీసు వెనక షెడ్డులో పాత మోటార్లు, ఇనప తాళ్ల చుట్టలు, గ్రీజు డబ్బాలు ఉంటాయి. తాగే నీళ్ల మిషను కూడా ఆ దారిలోనే. మైకు సీసా నింపుకుంటుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ అరిచే మనిషి కాదాయన. మెకానిక్కులకి జ్వరమొస్తే మందులు కొనిచ్చిన మనిషి. అక్క అడగ్గానే తమ్ముణ్ణి పనిలో పెట్టుకున్న మనిషి. ఇప్పుడాయన మొహం పీక్కుపోయి ఉంది, పెదవి మీద చెమట. తనకంటే ఈయనే ఎక్కువ భయపడుతున్నాడని ఆమెకి ఒక్క చూపులో తెలిసిపోయింది. తెలిసి ఇంకా భయమేసింది.

ఆ రోజు పెద్ద ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయిందని, పై నుంచి ఒత్తిడి ఉందని, ఉన్న మనుషుల్ని అటు పంపక తప్పలేదని ఆయన చెప్పాడు. సాయంత్రానికి ఇటు పంపుదామనే అనుకున్నాడట. ఈలోగానే ఘోరం జరిగిపోయింది. పోయిన ప్రాణం ఎటూ తిరిగిరాదు. తనకి బడికెళ్లే పిల్లలున్నారు. మీ తమ్ముడికి పెళ్లాం పిల్లలు లేరు. కుర్రాడు, ఏదో నిర్లక్ష్యం అని కొన్నాళ్లు లోపలుండి వస్తాడు, వచ్చాక జీవితాంతం చూసుకునే పూచీ తనది.

"నువ్వు ఎక్కువ మార్చక్కర్లేదమ్మా. ఫోను వచ్చింది నిజం, చెప్పింది నిజం. నాకు చెప్పానని కాకుండా వాడికి చెప్పానని అను. ఒక్క పేరే కదా మారేది."

మైకు సీసా మూత బిగించింది. ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియదు గానీ ఒక మాట వచ్చింది. మా వాడి మీద నేను అలా చెప్పలేనండీ, వాడొప్పుకోడు కూడా అంది.

మేనేజరు ఆమె వైపు జాలిగా చూశాడు. "వాడు ఒప్పుకున్నాడమ్మా" అన్నాడు. "మొన్ననే."

సాయంత్రం ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. బస్సులో తన స్టాపు దాటిపోయి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. మలుపులో ఏదైనా బండి ఆగితే చాలు, పోలీసు జీపేమోనని గోడ పక్కకి జరిగేది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మైకు, తమ్ముడు, తల్లి. తల్లికి చెముడు, కూతురికి గొంతు లేదు. ఆ ఇద్దరి మధ్యా ఇన్నేళ్లుగా తమ్ముడే దుబాసీ. అక్క చెప్పిందాన్ని వాడు పెద్దగా అరిచి అమ్మకి వినిపిస్తాడు, మధ్యలో తన సొంత కవిత్వం కొంత కలిపి. అక్క ఉప్పెక్కువైందంటే, అమ్మా నీ వంట అమోఘమట అంటాడు. ఇల్లంతా వాడి గోలే. అలాంటివాడు లిఫ్టు పడిన రోజునుంచీ ఇంట్లో నోరు మెదపడం మానేశాడు. ఈ సాయంత్రం కూడా గది మూలన కూర్చుని పనిముట్ల సంచీ ముందేసుకుని, శుభ్రంగా ఉన్న స్పానర్లనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

మైకు వాడి ఎదురుగా నేల మీద చతికిలబడింది. తల్లి మంచం మీద కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"నేను నీకు చెప్పానని ఒప్పుకున్నావటగా" అంది మైకు.

వాడు స్పానరు కింద పెట్టాడు. "నీకెవరు చెప్పారు? నీకు చెప్పనని మాటిచ్చారాయన."

"ఎందుకొప్పుకున్నావురా?"

వాడు తల వంచుకుని చెప్పేశాడు. మేనేజరు వాణ్ణి విడిగా పిలిచి, మీ అక్క ఫోన్ తీసింది, పనుల్లో పడి ఎవరికీ చెప్పడం మర్చిపోయింది అన్నాడట. పోలీసులు ఫోన్ కంపెనీని అడిగితే ఆ ఫోను వచ్చిన సంగతి బయటపడుతుంది, అప్పుడు మొదట చేతులకి బేడీలు పడేది ఆవిడకే అన్నాడట. ఆవిడ నాకు చెప్పింది, నేనే వెళ్లలేదు అని నువ్వంటే ఆవిడ గండం గట్టెక్కుతుంది, ఆడమనిషి, స్టేషన్ల చుట్టూ తిరగలేదు, ఆలోచించుకో అన్నాడట.

"ఆలోచించడానికేముందక్కా. సరేనన్నాను."

మైకుకి అన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. షెడ్డులో ఆ మొహం, ఆ చెమట, ఆ జాలి చూపు. తమ్ముణ్ణి చూపించి తనని, తనని చూపించి తమ్ముణ్ణి. ఇద్దరినీ చెరో చెయ్యీ పట్టుకుని ఒకే గోతి దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"నేను మర్చిపోలేదురా" అంది. "ఆ నిమిషమే ఆయన గదిలోకెళ్లి ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను. మనిషి బయల్దేరాడని చెప్పమంది ఆయనే."

తమ్ముడు తలెత్తి అక్క మొహంలోకి చూశాడు. ఇన్నాళ్లూ అక్క మర్చిపోయిందనే నమ్మాడు వాడు. నమ్మి, ఒక్క మాట కూడా ఆవిణ్ణి అడక్కుండా, ఆ తప్పు తన నెత్తినేసుకున్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఏమైందిరా?" అని తల్లి మంచం మీంచి అడిగింది.

"ఏం లేదమ్మా! ఆఫీసు గొడవ!" అని వాడు గట్టిగా అరిచాడు. అరిచి, మళ్లీ గొంతు తగ్గించి అక్కని అడిగాడు. "నువ్వు చెప్పినప్పుడు ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరంది.

"మరి ఆయన లేదు, నాకు చెప్పలేదు అంటే?"

అప్పుడిక మిగిలేది రెండు మాటలేనని మైకుకి తెలుసు. ఆయన మాట, తన మాట. ఒకవైపు సర్వీసు మేనేజరు, ఇంకోవైపు పక్క కుర్చీకి వినపడని గొంతు. రేపు ఎవర్నైనా లాయర్ని వెతుకుదామని, అప్పటిదాకా ఎవరడిగినా నోరు విప్పొద్దని తమ్ముడి చేత మాట తీసుకుంది. వాడు తలూపాడు. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు.

పొద్దున లేచేసరికి వాడి పక్క ఖాళీగా ఉంది. సంచీ ఉంది, మనిషి లేడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. చీకటుండగానే పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ వెళ్లడం చూశానని తల్లి అంది. మనసు కీడు శంకించినా, ఎక్కడో లిఫ్టు ఆగితే తొందరగా పిలిచుంటారని మైకు తనకి తనే సర్దిచెప్పుకుని ఆఫీసుకెళ్లింది. ఇవాళ ఎలాగైనా లాయరమ్మని పట్టుకుని, ఒక మంచి లాయరు పేరు అడగాలనుకుంది.

ఇంకా బల్ల మీద దుమ్మైనా తుడవలేదు, అద్దం తలుపు తెరుచుకుంది.

ఈసారి ఎవరూ బల్ల మీద చెయ్యి మోపలేదు. ఎవరూ కదలొద్దని గద్దించలేదు. ముందు నడుస్తున్న ఇన్‌స్పెక్టరు నెరిసిన జుట్టు మనిషి. గుడ్ మార్నింగ్ అమ్మా అని, అడక్కముందే జేబులోంచి ఉత్తర్వు తీసి ఆమె ముందు పెట్టాడు. వెనక ఉన్నవాళ్లు చడీచప్పుడూ లేకుండా లోపలికి పాకినట్టు వెళ్లిపోయి, ఒకరు వెనక తలుపు దగ్గర, ఒకరు సర్వర్లున్న గది దగ్గర నిలబడ్డారు. ఉత్తుత్తివాళ్లు అరిచారు. నిజంవాళ్లకి అరవాల్సిన పని లేదు.

విచిత్రమేంటంటే మైకు ఏదీ మర్చిపోలేదు. కూర్చోమంది. ఉత్తర్వు చదివింది, అక్షరాలు ఈదుతున్నా చదివింది. కాపీ తీసుకుంది. లాయరమ్మకి ఫోన్ చేసింది. ఒకరి వెంట ఒకరు ఆఫీసువాళ్లు కూడా నిన్నటి పరీక్షలోలాగే లేచి, కంప్యూటర్లకి దూరంగా గోడవారగా నిలబడ్డారు. అకౌంటెంటుగారు సైతం బాత్రూం వైపు ఒక్కసారి ఆశగా చూసి, గోడకే అంటుకున్నాడు. సర్వీసు మేనేజరు తన గదిలోంచి బయటికొచ్చి ఆ వరస చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్నటి చెమట ఇవాళ లేదు. బాగా నిద్రపోయిన మనిషిలా ఉన్నాడు.

లాయరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. పెద్దాయన ఊళ్లో లేడని చెప్పింది. పెద్దాయనతో ఇప్పుడే పని లేదని ఇన్‌స్పెక్టరు అన్నాడు. చుట్టూ చూసి, ఇక్కడ ఫోన్లు తీసేది ఎవరని అడిగాడు.

మైకు చెయ్యెత్తింది.

ఏదడిగినా లోపల గదిలో అడగమని లాయరమ్మ అడ్డుపడింది. లోపల ఎటూ కూర్చుంటాం, ముందు ఒక్కటే అడుగుతానన్నాడాయన. అని మైకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో తొందర లేదు. ఆమెకి మాత్రం కింద నేల దిగిపోతున్నట్టుంది.

"తెల్లారకముందే మీ తమ్ముడు స్టేషనుకొచ్చి కూర్చున్నాడమ్మా. తనంతట తనే వచ్చాడు. మా అక్క ఫోన్ చేసి లిఫ్టు సంగతి చెప్పింది, నేనే బద్ధకించి వెళ్లలేదు, ఇందులో ఇంకెవరి తప్పూ లేదు అన్నాడు. నిజమేనా?"

పై ప్రాణాలు పైనే పోవడమంటే ఏంటో మైకుకి అప్పుడు తెలిసింది. నిజమంటే వాడు లోపలికి పోతాడు. అబద్ధమంటే పోలీసులకే అబద్ధం చెప్పినవాడవుతాడు. ఆమె లాయరమ్మ వైపు చూసింది. నేను మీ లాయర్ని కాదని నిన్న చెప్పిన ఆ మనిషి చూపు తిప్పుకుని నేల వైపు చూసింది.

పిల్లలు ఎక్కుతున్నారు, తొందరగా పంపండి అన్న వాచ్‌మన్ గొంతు మళ్లీ వినపడింది. ఇంకొక్క రాత్రి కూడా దాన్ని మోయలేననిపించింది.

"కాదండీ" అంది. "వాడు నన్ను కాపాడ్డానికి చెప్పాడు. వాడికి నేను చెప్పనే లేదు. ఆ పొద్దున వాడికి అసలు ఫోనే చెయ్యలేదు."

గోడవారగా ఉన్నవాళ్లందరూ విన్నారు. ఇన్‌స్పెక్టరు మొహంలో ఏ మార్పూ లేదు. మరి ఎవరికి చెప్పారని అడిగాడు. మైకు లేచి నిలబడి, వరస చివరికి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దించలేదు.

"ఆయనకండీ. సర్వీసు మేనేజరుగారికి."

అందరి తలలూ అటు తిరిగాయి. ఆయన లేదనలేదు. కోప్పడలేదు. కట్టుకున్న చేతులు కూడా విప్పలేదు. ఎన్నాళ్లనుంచో ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా నిదానంగా తలూపాడు.

"చెప్పింది సార్. నిజమే, నాకే చెప్పింది" అన్నాడు. "చెప్పిన వెంటనే నేను వాళ్ల తమ్ముడికి ఫోన్ చేశాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. వాడు ఎత్తలేదు. పెద్ద ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో వాడు లేడు. ఇంట్లోనూ లేడు. నిన్నటిదాకా వాడి మీద జాలితో ఈ మాట దాచాను." అని మైకు కళ్లల్లోకి నేరుగా చూశాడు. "అన్నీ చెప్పావు కదమ్మా, అది కూడా చెప్పు. ఆ పొద్దున నీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టరు కూడా ఆమె వైపే తిరిగాడు. మైకు నోరు తెరిచింది.

లిఫ్టు పడిన రోజునుంచీ ఇవాళ్టిదాకా, ఆ ఒక్క మాటా తను తమ్ముణ్ణి అడగనే లేదు.